ఎవరి లెక్కలో వారిది ఒకటి రెండుసార్లే: ఒక తొమ్మిదో తరగతి కేసు

బడిపిల్లల మధ్య వేధింపుకు సంబంధించిన ఈ కేసు ముగిసి ఏడాది దాటింది. తల్లి, అమ్మమ్మల అంగీకారంతో, అబ్బాయి స్వయంగా చదివి ఒప్పుకున్న తరువాతే దీన్ని బయట పెడుతున్నాను. ఊరు, బడి, గోదావరి ఏ పాయ పక్కన జరిగిందన్న సంగతి వదిలేశాను. పేర్లు మార్చాను, మనుషులను గుర్తుపట్టడానికి పనికొచ్చే వివరాలు కొన్ని మార్చాను. తోటి కౌన్సెలర్లకు ఉపయోగపడే భాగం నా పొరపాట్లలోనే ఎక్కువ ఉంది కాబట్టి వాటిని మాత్రం మార్చలేదు.

నేపథ్యం

డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో నేను ప్రాక్టీసు చేస్తున్నాను. వారంలో రెండు రోజులు బడులకూ హాస్టళ్ళకూ వెళ్తాను. 2004లో ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి రాసుకున్న రిజిస్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. మొదటి పదేళ్ళ పుటల్లో పిల్లల మధ్య హింస అంటే దాదాపుగా మగపిల్లల కొట్లాటే: బడి వదిలాక కాలవ గట్టు మీద, సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర, అభిమాన హీరో పేరు మీద సినిమా హాలు ముందు. హాస్టళ్ళలో అయితే పెద్ద తరగతుల వాళ్ళు చిన్నవాళ్ళ చేత బట్టలు ఉతికించుకోవడం, అన్నం ప్లేట్లు కడిగించుకోవడం. కులాన్ని ఎత్తి పొడవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అప్పటి రోజులను బంగారంలా చూపించే ఉద్దేశం నాకు లేదు, ఆ పుటల్లో విరిగిన చేతులున్నాయి. కాకపోతే ఆ దౌర్జన్యానికి ఒక చోటు, ఒక వేళ ఉండేవి. నది మధ్య లంక నుంచి వచ్చే పిల్లవాడు పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి అవతలి రేవులో దిగితే ఆ రోజుకి బయటపడ్డట్టే. పైగా గట్టు మీద గుంపు చేరితే, సైకిలు మీద పోయే ఎవరో ఒక పెద్దాయన కాలు కింద పెట్టి "ఎవరబ్బాయివిరా నువ్వు?" అని గద్దించేవాడు. ఆ ప్రశ్నకు సగం గుంపు చెదిరిపోయేది.

2016 చివర్లో డేటా చవకైంది. 2020 మార్చిలో బడులు మూతపడి, ఆన్‌లైన్ పాఠాల పేరుతో ఫోను పిల్లల చేతికి వచ్చింది, బడులు తెరిచాక అది పెద్దల చేతికి తిరిగి వెళ్ళలేదు. అక్కడి నుంచి నా రిజిస్టరు తీరు మారింది. దెబ్బల ఫిర్యాదులు తగ్గి, పొద్దున్నే వచ్చే కడుపునొప్పులు, నిద్రలేమి, కారణం చెప్పకుండా బడి మానేయడం పెరిగాయి. హింస తగ్గిందనీ పెరిగిందనీ దీన్నిబట్టి తేల్చలేను, నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఊరంతటికీ నమూనా కారు. యునెస్కో 2019లో ప్రచురించిన నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకుముందు నెలలో తోటివారి చేతిలో ఏదో ఒక రకంగా వేధింపుకు గురయ్యారు. అదే నివేదిక, చాలా దేశాల్లో కాలక్రమంలో ఈ బెడద తగ్గిందని కూడా చెప్పింది. రెండూ నిజమే కావచ్చు.

ఈ రంగంలో ఎవరైనా మొదట నేర్చుకునే నిర్వచనం నార్వేలో పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్‌ది. 1970ల నుంచి బడిపిల్లల మీద పనిచేసిన ఆయన బుల్లీయింగ్‌కు, అంటే తోటివారిని వేధించడానికి, మూడు గుర్తులు చెప్పాడు: బాధపెట్టాలన్న ఉద్దేశం, పదేపదే జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా. ఇరవై ఏళ్ళు ఈ మూడింటినీ పట్టుకునే పనిచేశాను. వీటిలో రెండోది ఈ కేసులో నన్ను తప్పుదారి పట్టించింది.

బడి చెప్పిన కథ

నవంబరులో ఒక ప్రైవేటు హైస్కూలు ప్రిన్సిపాల్ ఫోను చేశారు. తొమ్మిదో తరగతి చదివే పద్నాలుగేళ్ళ అబ్బాయి (ఇక్కడ సీను అంటాను) స్కూలు బస్సులో స్టీలు వాటర్ బాటిల్‌తో తోటి విద్యార్థిని కొట్టాడు. దెబ్బ తిన్న రాజుకి కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. రాజు తండ్రి పోలీసు కేసు పెడతానంటున్నాడు, బడి యాజమాన్యం సీనుకి టీసీ ఇచ్చి పంపేద్దామనుకుంటోంది. "ఒక్కసారి చూడండి మేడమ్, ఆ తరవాత మా నిర్ణయం మేం తీసుకుంటాం" అన్నారు. నా అభిప్రాయాన్ని తమ నిర్ణయానికి జతపరిచే కాగితంలా చూస్తున్నారని అర్థమైంది. అయినా వెళ్ళాను.

విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకే పిల్లవాణ్ణి బడి నుంచి పంపేయకుండా అడ్డుకుంటుంది. సీను తొమ్మిదిలో ఉన్నాడు కాబట్టి ఆ రక్షణ అతనికి లేదు. పోలీసు సంగతి వేరు. బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, విషయం వెళ్ళాల్సింది బాలల న్యాయ మండలి ముందుకు. ఈ మాట రాజు తండ్రికి నెమ్మదిగా చెప్పాను. ఆయనకు కేసు కంటే తన కొడుకు దెబ్బని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదన్న పట్టుదలే ఎక్కువని ఆ సంభాషణలోనే తెలిసింది. సీను మేనమామ ఆసుపత్రి ఖర్చు కట్టి, ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాక కేసు మాట మళ్ళీ రాలేదు.

సీను కథ

సీను తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఆరేళ్ళయింది. తండ్రి విడిపోయాడు. అబ్బాయి లంకలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. మేనమామ కొబ్బరి దింపులకు వెళ్తాడు. మా ప్రాంతంలో ఇది అరుదైన సంసారం కాదు, తల్లి పంపిన డబ్బుతో స్లాబు పడ్డ ఇల్లు ప్రతి వీధిలోనూ ఒకటి కనిపిస్తుంది.

మొదటి రెండు సిట్టింగుల్లో సీను అన్నదల్లా "ఏం లేదండి" అనే. మూడోసారి, అతను పొద్దున్న పూట తూగుతున్నాడని గమనించి రాత్రి ఎన్నింటికి పడుకుంటావని అడిగాను. తల్లికి పని తెమిలేసరికి అక్కడ రాత్రి పది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అంటే ఇక్కడ పన్నెండున్నర. ఆ వేళకి లేచి వీడియో కాల్ మాట్లాడి పడుకుంటాడు. ఆ ఒక్క వివరం చెప్పాక మిగతాది తనంత తానే వచ్చింది.

జులైలో ఒక శుక్రవారం తల్లికి సెలవు దొరికి, బడి వదిలే వేళకి ఫోను చేసింది. బస్సు వెనక సీట్లో కూర్చుని మాట్లాడుతూ సీను ఏడ్చాడు. ఎవరో దాన్ని వీడియో తీశారు. ఏడుస్తున్న ముఖాన్ని కత్తిరించి, కింద "అమ్మా" అని రాసి వాట్సాప్ స్టిక్కరు చేశారు. తరగతి పిల్లలంతా ఉన్న గ్రూపులో ఎవరు హోంవర్కు ఎక్కువైందన్నా, క్రికెట్‌లో ఓడిపోయినా జవాబుగా ఆ స్టిక్కరే. క్లాసులో సీను లేచి నిలబడితే వెనక నుంచి సన్నగా "అమ్మా". కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళ గురించి ఊళ్ళలో పెద్దలు గుసగుసగా అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని పిల్లలు కూడా విన్నారు. ఆ రెండక్షరాల వెనక ఆ మాటలన్నీ ఉన్నాయని అతనికి తెలుసు, అన్నవాళ్ళకీ తెలుసు. నవంబరులో ఆ రోజు రాజు చేసిందల్లా చెవి దగ్గర ఒక్కసారి ఆ మాట అనడం.

చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగా అడిగాను. ఇలా అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయం నిరాధారం. "లేకపోతే బాగుండుననిపించిందండి" అన్నాడు. పథకం ఏదీ లేదు. అమ్మమ్మనూ మేనమామనూ కూర్చోబెట్టి, అలాంటి వేళ ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఎవరు తోడుండాలో ఒక కాగితం మీద రాసుకున్నాం. మానసిక ఆరోగ్య సహాయానికి టెలీ మానస్ 14416, పిల్లల సహాయానికి చైల్డ్‌లైన్ 1098 నంబర్లు అమ్మమ్మ గోడ క్యాలెండర్ మీద పెద్ద అంకెల్లో రాయించుకుంది. స్టిక్కర్లలో గానీ ఆ వీడియోలో గానీ లైంగికమైనది ఏదైనా ఉందేమో కూడా అడిగి చూశాను. ఉండి ఉంటే పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం నా విధి అయ్యేది, నా ఇష్టాయిష్టాలతో పని ఉండేది కాదు. అలాంటిదేమీ లేదు.

చేసినవి, చెడినవి

ఇక్కడ నేను ఓల్వేయస్ గుర్తులతో వెతికాను: పదేపదే చేస్తున్నది ఎవరు? రాజుని అడిగితే "నేను ఒక్కసారే అన్నానండి" అన్నాడు, అది నిజమే. ఇంకో నలుగురు పేర్లు వచ్చాయి, వాళ్ళూ అలాగే అన్నారు. నాయకుడు దొరకలేదు. దొరక్కపోయేసరికి, ఇది ఇద్దరు పిల్లల గొడవే అన్న ప్రిన్సిపాల్ వాదనకి నేను తలవంచాను. పెద్దమనుషుల్లో పెట్టి తగువు తీర్చే పద్ధతి మనకు అలవాటు. ప్రిన్సిపాల్ గదిలో సీను, రాజు చేతులు కలిపారు, ఒకరికొకరు సారీ చెప్పారు, పీఈటీ మాస్టారు సంతోషంగా ఫొటో తీసి టీచర్ల గ్రూపులో పెట్టారు. మూడో రోజుకి ఆ కరచాలనం ఫొటో కూడా స్టిక్కరైంది. అందులో సీను తల దించుకుని ఉన్నాడు.

నేను ఎందుకు ఒప్పుకున్నానో రాయాలి. టీసీ ఆపడం అప్పటికి నాకు ముఖ్యమనిపించింది, రాజీ జరిగితే టీసీ ఆగుతుంది, ఆగింది కూడా. కానీ బలంలో తేడా ఉన్న చోట ఇద్దరినీ సమానంగా నిలబెట్టి చేతులు కలిపిస్తే, బలహీనుడు తన ఓటమికి తానే సాక్షి సంతకం పెట్టినట్టవుతుంది. ఈ సంగతి నేను ఎన్నో శిక్షణ తరగతుల్లో ఇతరులకు చెప్పినదే.

రెండో పొరపాటు ఫోను. గ్రూపు చూస్తున్నంత కాలం పుండు మానదని, కొన్నాళ్ళు ఫోను దూరంగా పెట్టమని మేనమామకి చెప్పాను. ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. వారంలోగా సీను పరిస్థితి దిగజారింది. ముందు ఏం అంటున్నారో కనీసం తెలిసేది, ఇప్పుడు ఎవరు నవ్వినా తన గురించే అనుకోవాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద నష్టం, రాత్రి పన్నెండున్నర కాల్ పోయింది. తల్లికి మేనమామ ఫోను నుంచి రెండు నిమిషాలు, అదీ అందరి ముందు. నేను తీసేసిన వస్తువు వేధింపుకు దారి అవునుగానీ, అతనికి తల్లి దగ్గరికి ఉన్న ఒకే ఒక్క దారి కూడా అదే. డిసెంబరు మూడో వారంలో ఆ సలహా వెనక్కి తీసుకున్నాను. గ్రూపు నుంచి బయటికి రావడమా, ఉండటమా అన్నది అతనికే వదిలాను. ఉంటానన్నాడు. "బయటికొస్తే వచ్చేశాడని ఇంకో స్టిక్కరు పెడతారండి." వాదించలేదు.

ఇక మూడో సంగతి, పోలీసులకు సైబర్ ఫిర్యాదు ఇవ్వాలా అన్నది. మేనమామ అదే సరైనదన్నాడు. నేను వద్దన్నాను. చేసినవారంతా మైనర్లు, ఎవరెవరో తెలియదు. పోలీసు ఎవరో ఒకరి ఇంటికి వస్తే, లంకలో ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య మొదలయ్యేది పిల్లల స్థాయిలో ఆగదు. ఇంకా చెప్పాలంటే, రెండిళ్ళ కులాలు వేరైతే అది ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. బెదిరింపులో, డబ్బు అడగడమో, మార్ఫింగ్ చేసిన అసభ్య చిత్రాలో ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

తల్లికి చెప్పడం

మొదటి రోజు నుంచీ అమ్మమ్మ మాట ఒకటే: "దేశం కాని దేశంలో ఉందండి. దానికి చెప్తే అక్కడ ఏడుస్తా కూర్చోడం తప్ప ఏం చేస్తాదండీ? చెప్పొద్దండి." ఆ మాటలోని ప్రేమను గౌరవించి దాదాపు రెండు నెలలు ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. సీను ఏడ్చినందుకే ఇదంతా వచ్చిందనీ, తల్లికి తెలిస్తే ఉద్యోగం మానేసి వస్తుందనీ, ఏజెంటు అప్పు అలాగే ఉండిపోతుందనీ అతను లోలోపల ఒక గొలుసు అల్లుకున్నాడు. ఆ గొలుసును తెంపగలిగింది ఆమె ఒక్కతే.

సంక్రాంతి సెలవుల్లో, సీను ఎదురుగా, నా గది నుంచే కాల్ చేశాం. ఆమె మొత్తం విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, వచ్చిన మొదటి ఏడాది తనూ రోజూ బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ననీ, ఆ ఇంటి పిల్లలు తన యాసను వెక్కిరించేవారనీ చెప్పింది. "నువ్వు నాకోసం ఏడిస్తే నాకు సిగ్గెందుకురా నాన్నా" అంది. ఆ రోజు నేను కౌన్సెలింగ్ చేయలేదు, టేబులు మీది టిష్యూ డబ్బా జరిపానంతే. కాల్ వేళ మార్చుకోవడం కూడా వాళ్ళిద్దరూ అప్పుడే తేల్చుకున్నారు: ఆమె తెల్లవారుజామున పనిలోకి దిగేముందు, మనకు ఏడింటికి, పంటు కోసం రేవులో ఎదురుచూసే పావుగంటలో. నిద్ర సర్దుకుంది. బస్సులో మాట్లాడాల్సిన అవసరమూ పోయింది.

చీటీలు

సెలవుల తరువాత తరగతి మీద పని మొదలుపెట్టాను. ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి బృందం 1990ల్లో చూపించిన విషయం ఈ సమయంలో నాకు అక్కరకొచ్చింది: వేధించేవాడు, గురయ్యేవాడు కాక, చేయి కలిపేవాళ్ళు, నవ్వి ఉసిగొలిపేవాళ్ళు, పక్కకు తప్పుకునేవాళ్ళు, అడ్డుపడేవాళ్ళు అని మిగతా తరగతి అంతా ఏదో ఒక పాత్రలో ఉంటుంది. స్వీడన్‌కి చెందిన అనటోల్ పికాస్ పద్ధతి నుంచి ఇంకొకటి తీసుకున్నాను. ఎవరినీ నిందించకుండా ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి, అందరినీ కలపడం చివరికే. "సీను చాలా కష్టంలో ఉన్నాడని నాకనిపిస్తోంది. నీకేమైనా తెలుసా? నువ్వేం చేయగలవు?" అన్న మూడు వాక్యాలే అందరికీ. నాయకుణ్ణి వెతకడం ఆపేశాను.

పదిహేడు మందితో మాట్లాడేసరికి మూడు వారాలు పట్టింది. చివరి మాటగా ప్రతి ఒక్కరికీ ఒక చిన్న చీటీ ఇచ్చి, పేరు రాయకుండా, ఆ స్టిక్కరు ఎన్నిసార్లు పంపారో అంకె మాత్రం వేసి డబ్బాలో వేయమన్నాను. ఆ తరువాత పదిహేడు మందినీ ఒకచోట కూర్చోబెట్టాను. సీను ఆ గదిలో లేడు, ఉండకూడదని మేమిద్దరం ముందే అనుకున్నాం. చీటీలు టేబులు మీద పరిచి, లెక్కల్లో చురుకైన ఒకమ్మాయిని కూడమన్నాను. ఒకటి, రెండు, ఒకటి, నాలుగు, ఒకటి. అత్యధికం ఆరు. ఒక చీటీ మీద "గుర్తులేదు". మిగతా పదహారు కూడితే నలభై ఒకటి. అది వాట్సాప్ మాత్రమే, నోటితో అన్నవి కావు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వెనక నుంచి ఒకడు "మేం ఒకటి రెండుసార్లే కదండి" అన్నాడు. ఆ అమ్మాయి కాగితం చూపించి "వాడికి నలభై ఒకటిరా" అంది.

నేను నెలల తరబడి వెతికిన పునరావృతి ఆ కాగితం మీద ఉంది. పాత కొట్లాటలో పదేపదే కొట్టేది ఒకడే, అందుకే వాణ్ణి పట్టుకోగలిగేవాళ్ళం. ఇక్కడ ఒక్కొక్కరూ ఒక్క రాయి వేశారు, వేసిన ఎవరి మనస్సాక్షికీ తాము వేధించామని తోచలేదు, పడ్డవాడికి మాత్రం అది ఆగని వాన. శిక్ష వేయడానికి మనిషి దొరకడు. అలాగని మాన్పించడానికి దారి లేకపోలేదు: ఎవరి రాయి వాళ్ళు ఎత్తుకుంటే చాలు, ఎవరికీ అది పెద్ద బరువు కాదు. గ్రూపులో ఇకమీదట ఆ స్టిక్కరు కనిపిస్తే మొదట చూసినవాడు "తీసెయ్" అని రాయాలని వాళ్ళే అనుకున్నారు. ప్రిన్సిపాల్ దీన్ని ఒక ప్రతిజ్ఞగా రాయించి సంతకాలు తీసుకుని నోటీసు బోర్డులో పెడదామన్నారు. కరచాలనం ఫొటో గుర్తుచేశాను. మానుకున్నారు.

ఆ సాయంత్రం ఒక అబ్బాయి తనంతట తానే వచ్చాడు. స్టిక్కరు తయారుచేసింది తనేనన్నాడు. ఎవరితోనూ ఎక్కువ కలవని, ఎవరూ అనుమానించని పిల్లవాడు. టీచర్లవీ, తనవీ కలిపి అప్పటికి యాభై దాకా చేశాడట, సీనుది వాటిలో ఒకటి. అంతకు ముందు చదివిన హాస్టల్లో పెద్దవాళ్ళు తనను రాత్రంతా వరండాలో నిలబెట్టిన సంగతి ఆ తరువాత నాలుగు సిట్టింగుల్లో చెప్పాడు. స్టిక్కర్లు మొదలుపెట్టాకే తరగతిలో తనకు ఒక విలువ వచ్చిందన్నాడు. అది వేరే కేసు, ఇక్కడ రాయను.

సీను చేసిన దెబ్బ సంగతి

కారణం ఉంది కాబట్టి కొట్టడం తప్పు కాదన్న అర్థం వచ్చేలా నేను ఎక్కడా మాట్లాడలేదు. రాజు కనుబొమ్మ మీద మచ్చ అలాగే ఉంది. కోపం కొట్టే వరకూ వచ్చేలోపు ఒంట్లో ఏం జరుగుతుందో గుర్తుపట్టడం మీద సీనుతో ఐదారు సిట్టింగులు పనిచేశాను. చెవులు వేడెక్కడం అతనికి మొదటి గుర్తు. అది తెలియగానే ముందు సీటుకి, డ్రైవర్ వెనకకి మారిపోవడం అతను ఎంచుకున్న మార్గం. డ్రైవర్‌కి విషయం చెప్పి, ప్రశ్నలు వేయకుండా చోటివ్వమన్నాం. పదో తరగతి అమ్మాయి ఒకరు, ఎవరూ చెప్పకుండానే, అతను ముందుకు వచ్చిన రోజుల్లో పక్కన కూర్చుని లెక్కల నోట్సు అడిగేదట. సాల్మివల్లి జాబితాలో అడ్డుపడేవాళ్ళని ఉన్నది ఇలాంటివారినే. నేను పెట్టిన ఏ ప్రణాళికలోనూ ఆమె లేదు.

రాజు, సీను స్నేహితులు కాలేదు. ఒకే బస్సులో వెళ్ళారు, మాట్లాడుకోలేదు. దాన్ని వైఫల్యంగా నేను లెక్కవేయలేదు.

తరువాత

మార్చి పరీక్షల నాటికి స్టిక్కరు గ్రూపులో కనిపించడం ఆగింది. పిల్లల ఫోన్లలో ఇంకా ఉంది, దాన్ని పూర్తిగా చెరపడం ఎవరి వల్లా కాదని సీనుకి ముందే చెప్పాను. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, పదో తరగతి వీడ్కోలు సభ రాత్రి, వేరే సెక్షన్ వాడెవడో కొత్త గ్రూపులో దాన్ని మళ్ళీ పెట్టాడు. సీను నాకు స్క్రీన్‌షాట్ పంపాడు. స్టిక్కరు వచ్చింది 9:14కి. కింద ముగ్గురు "తీసెయ్" అని రాశారు, మొదటిది 9:15కి రాజు నంబరు నుంచి. 9:17కి ఆ చోట "ఈ సందేశం తొలగించబడింది" అని ఉంది. స్క్రీన్‌షాట్ కింద సీను ఇంకేమీ రాయలేదు. మర్నాడు పొద్దున్న ఏడింటికి ఫోను చేద్దామని తీశాను, అది వాళ్ళమ్మ వేళ అని గుర్తొచ్చి సాయంత్రం చేశాను.